ఆ దినానికి చోక్ లాగుతా

నాకు పగ పట్టడం నేర్పింది ఒక మోటారు సైకిలు మెకానిక్కు. అంతకుముందు నాకు ఉన్నది కోపం మాత్రమే. అది మా ఇంట్లో అందరికీ ఉన్నదే, సాంబారులో ఉప్పు ఎక్కువైతే వచ్చి మజ్జిగన్నంలోకి వచ్చేసరికి పోయే రకం. పోయిన నెల ఆయన్ని కాసిమేడు సమాధుల తోటలో పెట్టి వచ్చాం. ఆయన పేరు రాయను, ఆయన భార్యకి నచ్చదు. ఇందులో ఇంకొకాయన కూడా వస్తాడు. ఆయన పేరు రాయడం నాకే ఇష్టం లేదు, మంచి పెన్ను పాడవుతుంది.

కొరుక్కుపేట రైలు గేటు సంగతి తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గేటు పడిందంటే పావుగంటకి తక్కువ లేవదు. ఒక గూడ్సు పోతుంది, ఇంకోటి వస్తుందని అలాగే ఉంచుతారు. అటు వంద బండ్లు, ఇటు వంద బండ్లు, మధ్యలో చేపల బుట్టలు, నీళ్ల లారీ, స్కూలు రిక్షాలు. గేటు లేచీ లేవగానే రెండు వైపుల నుంచీ అందరూ ఒక్కసారి దూకుతారు. రోడ్డుకి అడ్డంగా పట్టాలు, పట్టాల మధ్య గుంటలు. ఎవడు ముందు అవతల పడితే వాడు ఆ పూటకి మొనగాడు. బహుమతి ఏమీ లేదు, కానీ ఓడినవాడు ఇంటికి పోయి పెళ్లాం మీద విసుక్కుంటాడు.

తొంభై నాలుగులో నేను రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ బండి కొన్నాను. సెకండ్ హ్యాండే, కానీ ముప్పై గుర్రాల శక్తి. ఆ ముప్పై అనే మాట మా పప్పుల మండీలో గుమాస్తాలకి చెప్పాను, మూటలు మోసేవాళ్లకి చెప్పాను, చివరికి కందిపప్పు కొనడానికి వచ్చిన ముసలామెకి కూడా చెప్పాను. మొదటిరోజు గేటు దగ్గర ముందు వరసలో నిలబడ్డాను. నా పక్కన ఒక పాత 350 ఉంది. ఒక్క సిలిండరు, ఫోర్ స్ట్రోక్, గట్టిగా లెక్కేస్తే పద్దెనిమిది గుర్రాలు. దాని మీద నలభై దాటిన మనిషి, గళ్ల లుంగీ, ఖాకీ చొక్కా. వెనక తాడు కట్టి ఒక చచ్చిన స్కూటర్ని లాక్కుపోతున్నాడు. ఆ స్కూటరు మీద దాని యజమాని పెళ్లికొడుకులాగా కూర్చుని ఉన్నాడు.

నేను ఎక్సలేటరు తిప్పి గుయ్యిమనిపించాను. ఆయన నా వైపు తిరగను కూడా లేదు. గేటు లేచింది. నేను క్లచ్ వదిలాను. ఇంజను గొంతు పడిపోయింది. భయపడి ఇంకా తిప్పితే ముందు చక్రం లేచింది, రెండో పట్టా పక్కన గుంటలో దిగి బండి ఆగిపోయింది. ఆయన వెనకున్న స్కూటరుతో సహా డబ్ డబ్ మంటూ నన్ను దాటుకుని పోయాడు. నా చొక్కా మీద పప్పు దుమ్ము చూసి కులం కూడా కనిపెట్టాడు.

"ఏం సెట్టీ, గుర్రాలన్నీ మేతకి పొయ్యినాయా?"

వెనక స్కూటరువాడు కూడా నవ్వాడు. చచ్చిన బండి మీద కూర్చున్నవాడు నన్ను చూసి నవ్వడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ వారంలో ఇంకో మూడుసార్లు ఆయన పక్కనే నిలబడి మూడుసార్లూ ఓడిపోయాను. ఒకసారి ఆయన వెనక రెండు ఇంజన్లు గోనెసంచిలో కట్టుకుని ఉన్నాడు, అయినా ఓడిపోయాను. ఐదోరోజు ఆయన షెడ్డు వెతుక్కుంటూ పోయాను, పోట్లాడదామని. గేటుకి అవతల చర్చి వెనక సందులో రేకుల షెడ్డు. ఆయన రెంచి పళ్లతో పట్టుకుని, ఇంజను మీదికి తల వాల్చి కళ్లు మూసుకుని వింటున్నాడు. నన్ను చూసి రెంచి తీసి టీ తెప్పించాడు. పోట్లాట మొదలుపెట్టడానికి వీల్లేకుండా చేశాడు.

"గుర్రం యాడ పరిగెత్తతాది సెట్టీ? మైదానంలో. నీకు మైదానం యాడుండాది? ఇంటి నుంచి మండీకి పోయేలోపల నాలుగు సిగ్నళ్లు, ఒక గేటు, ముందర బస్సు, బస్సు ముందర ఆవు. నీ బండి ఇంజను ఏడువేలు తిరిగితే గాని నిద్ర లెయ్యదు. ఈ రోడ్డులో ఏడువేలు తిప్పేదానికి యాడికి పోతావు, సముద్రంలోకా?"

"మరి నీ బండిలో ఏముంది?"

"ఎద్దు. కాడి మెడ మీద పడంగానే కాళ్లు ఊని లాగతాది. దానికి పరుగు రాదు, లాగేది వస్తాది. దాన్ని పుల్లింగంటారు, పుస్తకంలో టార్క్ అని రాసుంటాది. రోజూ రోడ్డు మీద తిరిగేవాడికి కావాల్సింది అదే."

ఆ రోజే నా బండి ఆయన చేతుల్లో పెట్టాను. వెనక పళ్ల చక్రం పెద్దది వేశాడు, సైలెన్సరు మార్చాడు, కార్బురేటరుతో మూడు రోజులు గొడవపడ్డాడు. నా ముప్పై గుర్రాలలో ఆరేడు పోయుంటాయి. నాలుగోరోజు గేటు దగ్గర ఆయన తప్ప ఇంకెవరూ నా ముందు లేరు.

బండి బాగుపడిందో లేదో చూసుకోవడానికి ఆయనకి ఒక పరీక్ష ఉంది. అలాంటిది ఇంకే షెడ్డులోనూ చూడలేదు. ఆయన భార్య రోజూ పొద్దున రాయపురం నుంచి చేపల బుట్టతో నడిచి వస్తుంది. ఆయన ఆ బండి వేసుకుని ఎదురుపోయి, ఆమె పక్కనే ఫస్ట్ గేరులో, క్లచ్ పూర్తిగా వదిలేసి, ఆమె నడకకి సరిగ్గా నడిపిస్తూ ఇంటిదాకా రావాలి. ఎగరకూడదు, ముక్కకూడదు. ఆమె కీరల కొట్టు దగ్గర ఆగి ఆకుకూరలు బేరమాడితే అక్కడ డబ్ డబ్ మని నిలబడాలి, చావకూడదు. మధ్యలో చచ్చిందంటే మళ్లీ విప్పుతాడు. ఆ వాడలో వాళ్లకి ఇది అలవాటైపోయింది. ఆమె ఒకసారి నాతో అంది:

"నా మొగుడు నాతో కలిసి ఒక్కదినం నడవలా తమ్ముడూ. ఊర్లో బండ్లన్నీ నడిపించినాడు."

అన్నది ఫిర్యాదే గానీ, ఆయన రావడం ఆలస్యమైతే కీరల కొట్టు దగ్గర ఆమె ఊరికే నిలబడి ఉండటం నేను చూశాను.

ఆయనకి ఇంకో అలవాటు ఉంది. తాగుతున్న టీ మధ్యలో ఒక మనిషి మాట వచ్చిందంటే, గ్లాసులో సగం ఉన్నా నేల మీద పారబోసి, "చేదెక్కి పొయ్యింది, ఇంకొకటి చెప్పు" అంటాడు. ఆ మనిషి మౌంట్‌రోడ్డు వైపు రేసు బండ్ల గ్యారేజీ నడిపే యజమాని. ఈయన అక్కడ పన్నెండేళ్లు పనిచేశాడు. ఆయన్ని పేరు పెట్టి ఎప్పుడూ అనలేదు, అరవంలో యజమానిని అన్నట్టు మొదలాళి అనే అనేవాడు. మొదలాళి పుట్టుకకి తెలుగువాడే, కానీ తెలుగు మాట్లాడితే నాలుక మాసిపోతుందని ఇంగ్లీషులోనే తిరిగేవాడు.

జరిగింది ఇది. ఈయన భార్య తమ్ముడు మొదలాళి టీములో రేసు తోలేవాడు. శ్రీపెరుంబుదూరు దగ్గర ట్రాకులో ఒక రేసు. మొదలాళికి గుర్రాల పిచ్చి. ఇంకో రెండు గుర్రాలు వస్తాయని, ఈయన వద్దు వద్దంటున్నా, పోటీకి ముందు కార్బురేటరులో పెట్రోలు వదిలే జెట్టు చిన్నది వేశాడు. పెట్రోలు చాలక ఇంజను కాలింది, మూడో చుట్టులో పిస్టను పట్టేసింది. బండి పిల్లాణ్ణి విసిరి కొట్టింది. మోకాలు మళ్లీ వంగలేదు. సాయంత్రం అందరి ముందూ మొదలాళి అన్నాడు: మెకానిక్కు పెట్రోల్లో ఆయిలు కలపడం మరిచిపోయాడు, అందుకే ఇంజను పట్టేసింది.

టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోస్తారు. అది మరవడం అంటే వంటవాడు బియ్యం వెయ్యకుండా ఎసరు దించడం లాంటిది. పైగా ఆ గ్యారేజీలో ఆయిలు కలిపేది మొదలాళి ఒక్కడే. తలుపేసుకుని, తన క్యానులో, తన కొలతతో కలిపేవాడు, అదేదో రాజరహస్యం. ఈయన ఆ మాటే చెప్పాడు. ఆ రోజు మాత్రం పని ఎక్కువై వాడికి అప్పజెప్పాను అన్నాడు మొదలాళి. ఆస్పత్రికి పళ్లు పట్టుకుని పోయి పిల్లాడికీ అదే చెప్పాడు. పిల్లాడు నమ్మాడు. అక్క ఇంటి గడప తొక్కడం మానేశాడు.

"రెండు గుర్రాలకి నా బామ్మర్ది మోకాలు అమ్మేసినాడు. సెరి, అదన్నా పోనీ. నా చేతిని అబద్ధం చేసినాడే," అనేవాడు ఆయన, అరచేతులు చూసుకుంటూ. "వాడు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు సెట్టీ. నేను ఎత్తుకుని పెంచిన బిడ్డ."

నాకు ఒళ్లు మండిపోయింది. రాత్రికి రాత్రి పోయి మొదలాళి బండ్ల ట్యాంకులన్నిట్లో చక్కెర పోసి వస్తానన్నాను. మాకు టోకు ధరకి వస్తుంది కూడా. ఆయన నన్ను కొట్టబోయాడు.

"బండి ఏం జేసింది నీకు? బండి జోలికి పోతే ఈ షెడ్డుకి రావద్దు."

తరవాత చల్లబడి, నా కోపం మీద తీర్పు కూడా చెప్పాడు. "నీది గుర్రం కోపం. గుయ్యిమంటాది, గుంటలో పడతాది. పగ అంటే ఎద్దు మాదిరి ఉండాల. మెల్లంగా, చావకుండా."

ఆయన పగకి ఒక పద్ధతి ఉంది. ఏడాదికి ఒక కార్డు. ఆ రేసు జరిగిన తేదీకి వారం ముందు నా చేత రాయించేవాడు, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. 'మొదలాళి గారికి. కొరుక్కుపేట గేటు. శనివారం పొద్దున తొమ్మిది. మీకు ఇష్టమైన బండి తెచ్చుకోండి.' అంతే. ఆ శనివారం తలంటుకుని, తెల్ల చొక్కా వేసుకుని, 350 మీద గేటు పక్కన కూర్చునేవాడు. నేను మండీకి సెలవు పెట్టి ఆయన పక్కన. పన్నెండు దాకా చూసి, చొక్కా మార్చుకుని పనిలోకి దిగేవాడు. నాలుగు కార్డులు నా చేత్తో రాశాను. ఒక్కదానికీ ఆ మనిషి రాలేదు, జవాబూ లేదు.

పాస్టరుగారు ఒక ఆదివారం షెడ్డుకే వచ్చి, ఇన్నేళ్లయింది, క్షమించెయ్యి బాబూ అన్నారు. "సెరి అయ్యగారూ, క్షమిస్తా. ముందు వాణ్ణి వచ్చి అడగమనండి," అన్నాడు. ఆయన భార్య లోపల నుంచి నెత్తి కొట్టుకుంది. క్షమించమని ఆమె కూడా రోజూ పోరేది. రాత్రి ప్రార్థనలో మొదలాళి పేరు కూడా చేర్చి ఆశీర్వదించమని అడిగేదట. ఆమెన్ అనాల్సిన చోట ఈయన దగ్గేవాడట.

"ఏం కావాలి అన్నా నీకు? వాడు ఓడిపోవాలా?" అని ఒకసారి అడిగాను.

"వాడు నా వెనకాల రావాల. ఈ గేటు కాడ, అందరూ చూస్తా ఉండంగా, నా బండి పొగ పీల్చుకుంటా రావాల."

"నీ బండికి పొగెక్కడుంది?" అన్నాను. నిజంగానే లేదు. సైలెన్సరు మూతికి తెల్ల గుడ్డ పెట్టినా మరక పడేది కాదు. పొగ వదిలే బండంటే ఆయనకి అసహ్యం. గేటు దగ్గర పొగ బండి కనబడితే దిగిపోయి దాని యజమానిని తిట్టి వచ్చేవాడు.

ఆయన సైలెన్సరు మూతిలో వేలు పెట్టి చూసుకున్నాడు. "ఆ దినానికి చోక్ లాగుతా," అన్నాడు.

చోక్ లాగితే పెట్రోలు ఎక్కువ పడుతుంది, ఎంత మంచి బండైనా నల్లగా పొగ కక్కుతుంది. అంత పెద్ద పాపం చెయ్యడానికి ఆయన సిద్ధపడ్డాడంటే పగ ఎంతదో చూసుకోండి.

పోయిన నెల ఐదో కార్డు రాసి జేబులో పెట్టుకున్నాను, పోస్టు చెయ్యలేదు. ఆయన మధ్యాహ్నం షెడ్డులో ఇంజను మీద తల వాల్చి వింటూ వింటూ అలాగే ఉండిపోయాడు. వింటున్నాడనుకుని ఆ బండి యజమాని చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడట. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఇంకో వారం ఆగి ఉండొచ్చు కదా అనిపించింది.

మర్నాడు మూడు గంటలకి పెట్టె ఎత్తే వేళకి మొదలాళి వచ్చాడు. నాలుగు కార్డులకి రాని మనిషి పిలవకుండా వచ్చాడు. తెల్ల కుర్తా, నల్ల కళ్లద్దాలు, తన రేసు బండి మీద. వెనక ఇంకో నలుగురు కుర్రాళ్లు, నాలుగు రేసు బండ్లు. పెద్ద పూలమాల పెట్టె మీద వేసి, ఇంగ్లీషులో పాస్టరుగారితో అన్నాడు, గొప్ప పనివాడండీ, పాపం ఆ ఒక్క మరుపు లేకుంటే ఎక్కడో ఉండేవాడు అని. నేను పక్కనే ఉన్నాను. గోడ వారన కర్ర పట్టుకుని నిలబడిన ఆ బామ్మర్ది కూడా విన్నాడు. తల దించుకున్నాడు. చచ్చినవాడి గుమ్మంలో నిలబడి మళ్లీ అదే అబద్ధం. ఒకడుగు ముందుకి వేశాను. కానీ ఆయన మాట గుర్తొచ్చింది, గుయ్యిమనకూడదు.

చర్చివాళ్ల పెట్టె బండిని మనుషులు నెట్టాలి. ఆయన భార్య నన్ను పిలిచింది.

"ఆయన తాడు ఉండాది గదా తమ్ముడూ. ఆయన బండే లాగనీ."

350కి తాడు కట్టాను. మొదలాళి వచ్చి, మా బండ్లు ముందు నడుస్తాయి, రేసు మెకానిక్కుకి ఇది మా మర్యాద అన్నాడు. తప్పకుండా సార్ అన్నాను. అంత వినయంగా నేను మా నాన్నతో కూడా మాట్లాడలేదు. ఎందుకంటే ఆమె పెట్టె పక్కన నడవడానికి సిద్ధంగా ఉంది, చెప్పుల్లేకుండా. ఊరేగింపు మొత్తం ఆమె నడక మీదే పోవాలి.

ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలేశాను. బండికి ఆ నడక తెలుసు. ఎక్సలేటరు ముట్టుకోవాల్సిన పని లేకపోయింది. ముందు ఐదు రేసు బండ్లు గుయ్యి గుయ్యి మంటూ నాలుగడుగులు దూకడం, ఆగడం, మళ్లీ దూకడం. క్లచ్ మాడిన వాసన వచ్చింది. బొగ్గుల కొట్టు దగ్గర మొదటిది చచ్చింది. స్కూలు గోడ దగ్గర రెండు ఒకేసారి. మలుపులో నాలుగోది. ఆమె దేన్నీ చూడలేదు, పెట్టె మీద చెయ్యి వేసి నడుస్తూనే ఉంది. నేను లోపల లోపల లెక్కపెట్టుకుంటున్నాను. సాగనంపే వేళ ఇంత సంతోషపడటం తప్పేమో, నాకు మాత్రం ఆగలేదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడి ఉంది. ముందు వరసలో మొదలాళి, ఆయన పక్కనే నేను. నిలబడిన రెండు నిమిషాలకి ఆయన బండి కూడా చచ్చింది. కొట్టాడు కిక్కు. ఇంకో కిక్కు. కళ్లద్దాలు జారాయి. కూర్చుని ప్లగ్గు విప్పితే నల్లగా, తడిగా, ఆయిల్లో ముంచి తీసినట్టు ఉంది. మెల్లగా నడిస్తే అలాంటి ఇంజన్లకి అంతే గతి, కలపడంలో తప్పేమీ లేదు. నాకా సంగతి తెలుసు. అయినా చుట్టూ ఉన్న జనానికి వినపడేలా అన్నాను.

"ఆయిలు ఎక్కువైనట్టుంది సార్. మీ మెకానిక్కు ఎవడో సరిగ్గా కలిపినట్టు లేదు."

ఆ మనిషికి మొహం ఎర్రబడింది. కోపంలో ఇంగ్లీషు జారిపోయి తెలుగు బయటికి వచ్చింది.

"మెకానిక్కా? నా క్యాను మీద మెకానిక్కుల్ని చెయ్యి వెయ్యనిస్తానా నేను? ఇరవై ఏళ్లుగా నా గ్యారేజీలో ఆయిలు కలిపేది నేను! నేను తప్ప ఇంకొకడు ముట్టుకోలేదు!"

"ఒక్క రోజు కూడానా సార్?"

"ఒక్క రోజు కూడా!"

అన్నాక నోరు అలాగే ఉండిపోయింది.  నా కింద 350 మాత్రం డబ్ డబ్ మంటూనే ఉంది. బామ్మర్ది జనంలోంచి కర్రతో మెల్లగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను, కొట్టాలని కోరుకున్నాను కూడా. కొట్టలేదు. చాలాసేపు ఆయన మొహం చూసి, కర్ర అక్కడే పడేసి, కుంటుకుంటూ వచ్చి పెట్టె బండి వెనక రెండు చేతులూ వేశాడు. "బావా" అన్నాడు. ఐదేళ్ల తరవాత అన్నాడు.

గేటు లేచింది. అవతలివాళ్లు ఎవరూ దూకలేదు, పెట్టెని చూసి పక్కకి తప్పుకున్నారు. నేను కదిలాను. పట్టాల మీద బండి కాళ్లు ఊని లాగింది. మా వెనక లారీలు హారన్లు కొడుతుంటే మొదలాళికి పక్కకి పోయే దారి లేదు, బండి తోసుకుంటూ మా వెనకాలే పట్టాలు ఎక్కాడు. అప్పుడు కిందికి చెయ్యి పోనిచ్చి చోక్ లాగాను. ఆయన చేతి బండి, జీవితంలో మొదటిసారి నల్లగా కక్కింది. దగ్గింది, చావలేదు.

ఆయన భార్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏంది తమ్ముడూ ఈ పొగ? ఆయనకి అసయ్యం గదా."

"ఆయనే చెప్పినాడక్కా. ఈ దినానికి చోక్ లాగమని."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. తమ్ముడు ఏడుస్తూ పెట్టె బండి నెడుతున్నాడు. వాడి వెనక మొదలాళి, తెల్ల కుర్తా మాసి, పొగలో దగ్గుకుంటూ, బండి తోసుకుంటూ వస్తున్నాడు. ఆమె ఆ మనిషినే కాసేపు చూసి ముందుకి తిరిగింది, మళ్లీ అదే నడక.

"ఇంకొంచెం లాగు," అంది.